ఆజానుబాహుడి గోల్ఫు కర్రలు

డాలస్ పక్కన ఫ్రిస్కోలో కాపురం పెట్టాక గోల్ఫు నుంచి తప్పించుకోవడం మానవమాత్రుడి వల్ల కాదు. అమెరికా గోల్ఫు ప్రొఫెషనల్స్ సంఘం, అదే పీజీఏ, 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని ఫ్లోరిడా నుంచి ఎత్తుకొచ్చి మా ఊళ్ళోనే పెట్టింది. ఒకప్పుడు స్థలాల రేట్లు, గ్రీన్‌కార్డు తేదీలు మాట్లాడుకునే మనవాళ్ళు ఇప్పుడు భోజనాల దగ్గర షాఫ్టుల గురించి మాట్లాడుతున్నారు. వాళ్ళలో పెద్ద తలకాయ మా బావ, అంటే మా ఆవిడ అన్నయ్య.

"నీ ఆటలో లోపం లేదు బావా, కర్రల్లో ఉంది. కొలతలిచ్చి చేయించుకో" అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడు అని మనం వెక్కిరిస్తాం. ఈ దేశంలో మద్దెల ఓడేనని రాడారు పెట్టి కొలిచి, కాగితం మీద రాసిచ్చే నిపుణులున్నారు. ఫీజు కూడా పుచ్చుకుంటారు.

బావ తీసుకెళ్ళిన చోట ఫిట్టర్ కుర్రాడు ముందు నా ఎత్తు కొలిచాడు. తర్వాత మణికట్టు నుంచి నేలకి ఎంత దూరమో కొలిచి, "మీ ఎత్తుకి చేతులు బాగా పొడుగు సర్" అన్నాడు. ఆజానుబాహువునన్నమాట! త్రేతాయుగం తర్వాత ఈ మాట ఎవరు అనిపించుకున్నారు గనక? ఆగలేక ఇంటికి ఫోన్ చేశాను. "అటక మీద డబ్బా తీయమంటే మాత్రం స్టూలు కావాలంటారేమండీ" అంది మా ఆవిడ.

ఏడో నంబరు ఐరన్ అనే కర్ర చేతికిచ్చి, దాని ముఖానికి కాగితం స్టిక్కరు అంటించాడు. బంతి తగిలిన చోటల్లా మచ్చ పడుతుంది. మంచి ఆటగాడికి మచ్చలన్నీ నడిమధ్య ఒకచోటే పడతాయట. నావి ముగ్గుకి పెట్టిన చుక్కల్లా కాగితం నిండా పరుచుకున్నాయి. కుర్రాడు మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. బంతి మీద మార్కరుతో నిలువుగా గీత గీసి మళ్ళీ కొట్టమన్నాడు. గీత ముద్ర ఐరన్ ముఖం మీద నిటారుగా పడితే కర్ర కోణం కుదిరినట్టు. నాది ఒరిగింది. కర్ర మడమ నేలకి ఆని, ముక్కు పైకి లేస్తోంది, అందుకే బంతి ఎడమకి పోతోందని తేల్చాడు.

తర్వాత చేసిన పని చూసి నాకు గుండె ఆగినంత పనైంది. నేనింకా డబ్బు కట్టని ఆ నిగనిగలాడే ఐరన్‌ని బిగింపులో బిగించి, మెడకి పొడుగాటి కడ్డీ తగిలించి, బలంగా వంచేశాడు. రెండు డిగ్రీలు! మేష్టార్లు, మేనేజర్లు, మామగారు, అందరూ ఇన్నాళ్ళూ నన్ను సరిచెయ్యాలనే చూశారు. నా వంకరకి తగ్గట్టు తను వంగింది ఈ ఇనుమొక్కటే.

షాఫ్టు దగ్గర గొడవొచ్చింది. అది ఎంత మెత్తనో, ఎంత బిరుసో చెప్పడానికి అక్షరాలుంటాయి. ఎల్ ఆడవాళ్ళకి, ఏ పెద్దవయసు వాళ్ళకి, ఆర్ మామూలు మగవాళ్ళకి, ఆపైన ఎస్, ఎక్స్. నా డ్రైవర్ వేగం రాడారులో చూసి "సీనియర్ ఫ్లెక్స్" అన్నాడు కుర్రాడు. నాకింకా యాభై నిండలేదు. పక్కనే మా బావ ఉన్నాడు. ఆయనకి తెలిసిందంటే టెక్సాస్ తెలుగువాళ్ళందరికీ తెలిసినట్టే. నా మొహం చూసి కుర్రాడే దారి చూపించాడు. ఈ అక్షరాలకి అన్ని కంపెనీలకీ కలిపి ఒక ప్రమాణమంటూ లేదట. ఒకరి ఆర్ ఇంకొకరి ఏ అంత మెత్తగా ఉండొచ్చట. అలాంటి ఆర్ వెతికి బిగించాడు. పరువు దక్కింది.

కుర్రాడు బిల్లు వేస్తున్నంతసేపూ మా బావ కార్‌స్టెన్ సోల్‌హైమ్ కథ వినిపించాడు. ఆయన జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరు. 1959లో ఇంటి గరాజులో ఒక పట్టర్ కర్ర తయారుచేసి, బంతి తగిలినప్పుడు అది చేసే చప్పుడునే పేరుగా పెట్టాడు, పింగ్ అని. ఈ రోజుకీ ఆ కంపెనీ ఐరన్ల మీద రంగు చుక్క చూసి కోణం చెప్పేయొచ్చు, నల్లచుక్క అయితే మామూలు కోణం. ఉద్యోగం చేసుకుంటూ గరాజులో కూర్చున్న ఇంజినీరు కథ మా సాఫ్ట్‌వేరు వాళ్ళకి భాగవతంతో సమానం. ఇంతలో బిల్లొచ్చింది. ఐరన్ల సెట్టుకే వెయ్యి డాలర్లు దాటింది. సంచిలో 14 కర్రలకి మించకూడదని అమెరికా గోల్ఫు సంఘం 1938లోనే కట్టడి చేసింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మా బావ నా చేత ఇల్లు తాకట్టు పెట్టించేవాడే.

కర్రలు తయారై రావడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. బయటికొస్తూ మా బావ గొంతు తగ్గించి, "ఈలోగా కోచ్ దగ్గరికి మాత్రం వెళ్ళకు బావా. స్వింగు బాగుపడిందంటే ఇవి నీకు పనికిరావు" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాటే మా ఆవిడకి చెప్పాను. పాపం, నా పుట్టినరోజుకని ఆ పొద్దున్నే గోల్ఫు పాఠాలకి డబ్బు కట్టేసిందట. వాపసు ఇవ్వరట.