ముందు చదువుకో, తరవాత అడుగు

నా ల్యాప్‌టాప్ మూత మీద ఒకే ఒక సంఖ్య ఉండేది. 1991. తెల్ల కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో రాసి నేనే అంటించుకున్నాను. హాస్టల్లో చూసినవాళ్లంతా నేను పుట్టిన సంవత్సరం అనుకునేవాళ్లు. కాదు, నేను పుట్టింది దానికి ఏడేళ్ల తరవాత.

ఆ ఏడాది ఫిబ్రవరిలో గైడో వాన్ రోసమ్ పైథాన్‌ను బయటికి వదిలాడు. ఆగస్టు మొదట్లో టిమ్ బెర్నర్స్-లీ తన వెబ్ సంగతి లోకానికి చెప్పాడు. అదే నెల 25న హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాను, పెద్దదేమీ కాదు అని తనలాంటి వాళ్లకు కబురు పెట్టాడు. నవంబరులో బ్రామ్ మోలెనార్ విమ్ ఎడిటర్‌ను విడుదల చేశాడు. పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా నా వేళ్ల కింద ఉండే నాలుగూ ఆ ఒక్క ఏడాదిలోనే వెలుగు చూశాయి. అర్ధరాత్రి లేపి అడిగినా నెలలతో సహా చెప్పేవాణ్ణి. ఆ సంవత్సరం గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి.

హైదరాబాద్‌లో ఇంజనీరింగు రెండో ఏడాది అది. అభిప్రాయాలు గట్టిగా ఉండేవి. మౌస్ మీద చెయ్యి వేసేవాడు ప్రోగ్రామర్ కాడు. నల్ల తెర మీద అక్షరాలు తప్ప మరేమీ కనపడకూడదు. దొంగ కాపీ విండోస్ వాడేకన్నా ఊరికే ఇచ్చే లైనక్స్ నేర్చుకోవడం మర్యాద. వీటిలో మౌస్ సంగతి వదిలేశాను గానీ లైనక్స్ సంగతి ఇప్పటికీ వదల్లేదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పనితో మొదలుపెట్టిన ఉద్యమం అడిగినవాటిలో ఒకటి: నా యంత్రంలో నడిచేదాన్ని విప్పి చూసుకునే హక్కు నాకు ఉండాలి అని. ఎనిమిది వేలకు కొన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో, ఎవరికీ ఒక్క రూపాయి కట్టకుండా, నేను లైనక్స్ కెర్నల్‌ను విప్పి చూసుకుని మళ్లీ కట్టుకోగలిగాను. మగ్గం నేసే ఇంట్లోంచి వచ్చినవాడికి అదెంత పెద్ద సంగతో నాకు తెలుసు.

ఆ లోకంలో ఒక సూత్రం ఉంది. ముందు మాన్యువల్ చదువుకో, తరవాత అడుగు. నీ అంతట నువ్వు నేర్చుకోగలిగినదాన్ని ఇంకొకరి సమయం తినేసి అడక్కూడదు. నాకు అలాగే నేర్పారు, నేనూ జూనియర్లకు అలాగే నేర్పాను. ఎవడైనా తలుపు తట్టి “అన్నా, వైఫై రావట్లేదు” అంటే, తల ఎత్తకుండా “ఏం చదివావు ఇప్పటిదాకా?” అనేవాణ్ణి. వాడు వెనక్కి పోయేవాడు. అది గర్వమని అనుకోలేదు. నేర్పే పద్ధతే అది అనుకున్నాను.

ఫోను విషయంలోనూ అంతే. ఫోన్ చేయడమంటే చేస్తున్న పనిలోంచి మనిషిని చెయ్యి పట్టి లాగడం. వాయిస్ మెసేజ్ ఇంకా అన్యాయం, దాంట్లో ఏ మాట ఎక్కడుందో వెతుక్కోలేం. రాసిన మాట ఒక్కటే మర్యాద, తీరిక చూసుకుని చదువుకోవచ్చు, కావాలంటే మళ్లీ చదువుకోవచ్చు. అందుకే నా ఫోన్ ఎప్పుడూ సైలెంటులోనే. ఇంటికి కూడా అదే చెప్పాను: ముఖ్యమైనదేదైనా నేను మెసేజ్ పెడతాను, చూసుకోండి.

మాది ధర్మవరం. ఇంట్లో పట్టుమగ్గం ఒకటి. మగ్గం మీద జాకార్డు పెట్టె, దానికి చిల్లులు పొడిచిన అట్టల దండ. నాయన కాలు తొక్కినప్పుడల్లా ఒక అట్ట ముందుకు వస్తుంది. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అంచు మీద హంస అలా పుడుతుంది. మొదటి ఏడాది సెలవుల్లో ఇంటికొచ్చి, ఆ మగ్గం గుంత పక్కన కూర్చుని నాయనకు గంటసేపు చెప్పాను. ఫ్రాన్స్‌లో జాకార్డ్ అనే ఆయన 1804లో దీన్ని చేశాడని, ఈ అట్టల్ని చూసే ఇంగ్లండులో బాబేజ్ లెక్కలు చేసే యంత్రానికి అట్టలు పెట్టాలనుకున్నాడని, 1890లో అమెరికా జనాభా లెక్కల్ని హోలరిత్ అనే ఆయన ఇలాంటి చిల్లుల కార్డులతోనే తేల్చాడని, నేను చదువుతున్న చదువుకు తాతముత్తాత ఈ పెట్టేనని. నాయన నాడె ఆపలేదు. అంతా విని, “అట్లయితే నేను ఇరవై ఏండ్ల నుంచి కంప్యూటరు మిందనే ఉండానన్నమాట” అన్నాడు. ఆ మాట నేను హాస్టల్లో చాలామందికి చెప్పాను.

అమ్మ రాట్నం దగ్గర కండెలు చుడుతూ ఇదంతా వింది. అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. మా ఇంట్లో చదివేది ఆమే. షావుకారు రాసి పంపిన చీటీ, కరెంటు బిల్లు వెనక రాసి ఉన్న సూచనలు, బోండాలు చుట్టి ఇచ్చిన పాత పేపరు ముక్క, ఏదైనా సరే పైకి చదువుతుంది. సగంలో తెగిన కథ ఉన్న పేపరు ముక్క దొరికితే మిగతా సగం ఏమై ఉంటుందో ఆ పూటంతా చెప్తూనే ఉంటుంది. నాయనకు నాలుగో తరగతితో బడి ఆగిపోయింది, ఆయనకు వినడమే ఇష్టం.

2017 చివర్లో ఒక బట్టల కొట్టుకు వెబ్‌సైట్ చేసి పెడితే ఆరు వేలు వచ్చాయి. నా మొదటి సంపాదన. దానితో అమ్మకు స్మార్ట్‌ఫోన్ కొన్నాను. డేటా అప్పటికే చవక. వాట్సాప్ పెట్టి, మెసేజ్ ఎక్కడ వస్తుందో చూపించి, బొమ్మ ఎలా పంపాలో నేర్పి, మర్నాడు రైలెక్కాను. వారం తిరక్కుండా అమ్మ ఫోన్ చేసింది. నేను ల్యాబ్‌లో ఉన్నాను. “నాయనా, నువ్వు పంపిన మెసేజి...” అని ఏదో అడగబోయింది. మూడోసారో నాలుగోసారో అలా చేయడం. వరండాలోకి వచ్చి కొంచెం గట్టిగానే అన్నాను: “అన్నీ నన్నడిగితే ఎట్లమ్మా? చిన్నపిల్లలు నేర్చుకుంటాండారు. నువ్వే నేర్చుకో. నేర్చుకున్నాక అడుగు.”

అమ్మ “సరే నాయనా” అంది. ఆ తరవాత ఎప్పుడూ అడగలేదు. నా పద్ధతి పనిచేసిందనుకున్నాను.

2018 ఫిబ్రవరి వచ్చింది. తెలుగువాళ్ల అక్షరం ఒకటి ప్రపంచవార్త అయిన నెల అది. ‘జ్ఞా’ అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో కలిపి పంపితే ఐఫోన్లలో మెసేజ్‌లు తెరిచే యాప్‌లు కూలిపోయేవి. ఆ లోపం ఐఫోన్ సాఫ్ట్‌వేర్ 11.2.5లో ఉంది. ఫిబ్రవరి 19న 11.2.6 ఇచ్చి సరిచేశారు. హాస్టల్లో ఆ వారమంతా అదే ముచ్చట. జ్ఞానంలోని మొదటి అక్షరానికే ఫోను తట్టుకోలేకపోయిందని ఒకడంటే అందరం పడిపడి నవ్వాం. నేను మాత్రం నవ్వి ఊరుకోలేదు, సిద్ధాంతం చేశాను. హల్లు కింద హల్లు, పైన గుణింతం, పక్కన వత్తు. కంప్యూటర్ కోసం పుట్టిన లిపి కాదిది, ఇంగ్లీషు 26 అక్షరాల్లో తెలుగు మాట రాసుకుంటే సరిపోతుంది కదా, తెలుగు కీబోర్డు నేర్చుకోవడం టైమ్ దండగ. గదిలో ఎవరూ కాదనలేదు. అందరం అలాగే రాసేవాళ్లం. ఇంటికైనా, స్నేహితులకైనా, తిట్టుకున్నా, బతిమాలుకున్నా.

అమ్మకు నేను వారానికి రెండు మూడు మెసేజ్‌లు పెట్టేవాణ్ణి. చిన్నవి కావు. మెస్సులో ఏం పెట్టారు, ఏ పరీక్ష ఎప్పుడు, కొత్తగా ఏం నేర్చుకున్నాను, అన్నీ. ప్రతి మెసేజ్ ‘అమ్మా’ అనే మొదలుపెట్టేవాణ్ణి. అమ్మ దగ్గర్నుంచి ప్రతిదానికీ ఒకటే జవాబు: రెండు చేతులు జోడించిన బొమ్మ. పరీక్ష పాసయ్యానంటే దండం. ఫీజు కట్టాలంటే దండం. అది కాక పొద్దున్నే వెంకటేశ్వరస్వామి బొమ్మలు, గులాబీలు. ఫోన్ నిండిపోతోందని కొన్నాళ్లకు అమ్మను మ్యూట్‌లో పెట్టాను.

ఆ ఫిబ్రవరి చివర్లో నాకు జ్వరం పట్టుకుంది. తొమ్మిది రోజులు. మూడో రోజు రాత్రి, ఒళ్లు కాలిపోతుంటే దుప్పట్లో పడుకుని రాశాను: అమ్మా, జ్వరం తగ్గడం లేదు, రక్తపరీక్ష చేశారు, భయంగా ఉంది, నువ్వు ఉంటే బాగుండు. పొద్దున చూస్తే చేతులు జోడించిన బొమ్మ. దాని కింద ఒక గులాబీ.

ఆదివారం ఎప్పట్లాగే నాయన ఫోన్ చేశాడు. డబ్బు ముట్టిందా అన్నాడు. అమ్మ ఫోన్ తీసుకుని తిన్నావా అంది. తిన్నానన్నాను. జ్వరం గురించి వాళ్లే అడగాలని చూశాను. అడగలేదు. నేనూ చెప్పలేదు. గొంతు దాకా వచ్చిన మాటను మింగి ఫోన్ పెట్టేశాను. మా గదివాడితో మాత్రం అన్నాను: “మావాళ్లకు మగ్గం తప్ప ఏదీ పట్టదు రా.” ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇవాళ్టికీ క్షమించుకోలేదు.

మార్చి 18 ఉగాది. ముందురోజు సాయంత్రం ఇల్లు చేరాను. అమ్మ గడప దగ్గరే ఆగిపోయి నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

“ఏంది నాయనా ఇట్ల చిక్కిపోయినావు?”

ఇన్నాళ్లుగా దాచుకున్నదంతా పైకి వచ్చింది. “జ్వరమొచ్చిందని రాసినా గదమ్మా. తొమ్మిది రోజులు. నువ్వు దండం బొమ్మ పెట్టినావు.”

అమ్మ ఏమీ అనలేదు. నా ముఖం మీంచి చేతులు తీసేసింది. లోపలికి పోయి, బియ్యం డబ్బా వెనక నుంచి ఒక నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. నాలుగు గీతలది, చిన్నపిల్లలు ఇంగ్లీషు దిద్దుకునేది. మొదటి పేజీ నుంచి ఎ, బి, సి, డి. పెద్దవి, వరసగా, పెన్సిలుతో. వంకర పోయినచోట రబ్బరుతో తుడిచి మళ్లీ రాసిన గుర్తులు. పుస్తకం సగానికి చిన్న అక్షరాలు మొదలయ్యాయి.

“పక్కింటి పాప నేర్పిస్తాంది. ఒకటో తరగతి, ఇంగ్లీషు మీడియం. పెద్దవి వచ్చినాయి. ఫోన్లో నువ్వు రాసేటివి చిన్నవి గదా, అవి ఇంగా నిలకడగా రావడంల్యా. కండెలు చుట్టేది అయినాక రాత్రిపూట దిద్దుతాండా.”

“ఎవరితోనైనా చదివించుకోకూడదా అమ్మా?”

“నువ్వు నాకు రాసింది ఇంగొకరు చదివేదేమి? నా కొడుకు నాకు ఇంగ్లీషులో రాస్తాడని వీధంతా చెప్పుకున్నా. అందరికీ ఫోను చూపించినా. మళ్లీ నాకు చదవను రాదంటే నీకు చిన్నతనం గదా.” కొంచెం ఆగింది. “నువ్వే నేర్చుకోమంటివి. నేర్చుకున్నాకనే అడగమంటివి.”

తన ఫోన్ తెరిచింది. నా మెసేజ్‌లు ఒకదాని కింద ఒకటి, మొత్తం అలాగే ఉన్నాయి. జ్వరం రాత్రి రాసిందాని దగ్గర ఆగి, మొదటి మాట మీద వేలు పెట్టింది. కండె పోగు పట్టి పట్టి గరుకెక్కిన వేలు.

“ఈ ఒక్కటి మాత్రం కూడబలుక్కున్నా. ఎ... ఎమ్... ఎమ్... ఎ.” తలెత్తి నా వైపు చూసింది. ముఖం నిండా సంతోషం.

“ఇంగ్లీషులో గూడా అమ్మను అమ్మ అనే అంటారా నాయనా?”

నా ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకోవడానికి ఆ రాత్రి ఒకటిన్నర నిమిషం పట్టింది. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో చోటు దొరికింది 1991 అక్టోబరులో.