దగ్గర దారి

తెనాలిలో మా సోషల్ మాస్టారింట్లో ఒక గ్లోబు ఉంది. కొడుకు షికాగోలో ఉద్యోగంలో చేరాక కొన్నారు. మొన్న సంక్రాంతికి వెళ్తే నా చేతికో దారప్పోగు ఇచ్చి, "ఒక కొస హైదరాబాద్ మీద, ఒక కొస షికాగో మీద పెట్టి బిగించరా" అన్నారు.

గోడ మీది పటంలో చూస్తే షికాగో దారి అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి పడమటికి పోవాల్సినట్టే ఉంటుంది. గ్లోబు మీద బిగించిన దారం ఆ ఛాయలకే పోలేదు. ఉత్తరానికి పాకి, కజకిస్తాన్, రష్యా దాటి, ఆర్కిటిక్ మంచు మీదుగా కెనడాలోకి దిగింది. "అదీ దగ్గర దారి! సుమారు 13,300 కిలోమీటర్లు" అన్నారు మాస్టారు. గుండ్రటి భూమిని కాగితం మీద పరిస్తే మన కళ్లు ఎంత మోసపోతాయో ఆ దారం చూపినంత సూటిగా ఏ పుస్తకమూ నాకు చూపలేదు.

2021 జనవరిలో ఎయిరిండియా ఈ రెండు ఊళ్ల మధ్య ఎక్కడా ఆగని విమానం వేసినప్పుడు ఆయన వీధంతా తిరిగి చెప్పారట. బోయింగ్ 777, పదహారు గంటల పైచిలుకు ప్రయాణం. ఇప్పుడా సర్వీసు లేదు. దోహాలోనో దుబాయిలోనో మారాలి, ఇరవై గంటలు దాటుతుంది.

"రావడానికీ అంతేనా అండీ?" వంటింట్లోంచి అమ్మగారు అడిగారు.

మాస్టారికి హుషారొచ్చింది. "రావడానికి తక్కువే! పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి గాలి హోరున వీస్తుంటుంది. వెళ్లేటప్పుడు విమానం దానికి ఎదురీదాలి. వచ్చేటప్పుడు అదే వెనకనుంచి తోస్తుంది. గంట దాకా కలిసొస్తుంది."

ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ ఇవతలికొచ్చారు. "శంషాబాదులో దిగాక నానక్‌రాంగూడ ఎంత దూరం?"

"ఎందుకే? ఔటర్ రింగురోడ్డు మీద ముప్పై కిలోమీటర్లుంటుంది. అరగంటలో పోవచ్చు."

"అబ్బాయి వీసా పొడిగింపు అక్కడే ఉండి చేయించుకున్నాడు. కానీ ఒక్కసారి ఇటొచ్చాడంటే నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేటులో కొత్త స్టాంపింగ్ అయితే తప్ప మళ్లీ విమానం ఎక్కనివ్వరట. అది నెలల తరబడి ఆగితే ఉద్యోగం ఉండదు. ఇల్లు, పిల్లల బడి, అంతా అక్కడే. ఇన్నాళ్లుగా వాడు జడుస్తున్నది మీ పదమూడు వేల కిలోమీటర్లకు కాదండీ, ఆ ముప్పై కిలోమీటర్లకి."