ముందు ఫొటో, తర్వాతే పుస్తకం

విశ్వవిద్యాలయ గ్రంథాలయ వెబ్‌సైటులో మొదట దర్శనమిచ్చేవి పెద్దల ఫొటోలు, వాటి కింద పరుగెత్తే టెండరు ప్రకటన. అమలాపురంలో బస్సెక్కిన విద్యార్థి ఫోన్‌లో ఆ పేజీ తెరిస్తే, రావులపాలెం దాటినా ఫొటో సగమే దిగుతుంది. పుస్తకం వెతికే గడి ఎక్కడో అడుగున, ‘ఓపాక్’ అనే మారుపేరుతో.

పాఠకుడి సమయం ఆదా చేయమని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే సూత్రం రాశారు. వెబ్‌సైటును అయిదుగురి చేత వాడించి చూస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని వెబ్ వాడుక నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో చెప్పాడు. అభిప్రాయం అడగడం కాదు, వాళ్లు వాడుతుంటే నోరు మూసుకుని పక్కన కూర్చుని చూడాలి, కష్టమంతా అక్కడే! గ్రంథాలయోద్యమానికి అయ్యంకి వెంకట రమణయ్యను ఇచ్చిన గోదావరి సీమలోనూ పాఠకుల అభిప్రాయం సేకరించేది విద్యాసంస్థల నాణ్యతను తూచే న్యాక్ మదింపుకు ముందే. ‘చాలా బాగుంది’ దగ్గర టిక్కులు పెట్టేది సిబ్బందే.