మఠం నేలలో పరిచిన తిరగలి

నేను తిరగలి రాయిని. ఇంగ్లండులో, లండన్‌కు ఉత్తరాన ఇరవై మైళ్ల దూరంలో ఉన్న సెయింట్ ఆల్బన్స్ పట్నంలో, ఒక నేతపనివారి ఇంట నా బతుకు మొదలైంది. తెల్లవారకముందే ఆ ఇంటి ఇల్లాలు నా ముందు కూర్చునేది. ఎడమచేత్తో గుప్పెడు గింజలు నా నోట్లో పోస్తూ కుడిచేత్తో పిడి తిప్పేది. ఒకనాడు గోధుమలు, ఇంకొకనాడు బీరు కాచడానికి మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. బార్లీ విసిరిన రోజు ఇల్లంతా కమ్మటి వాసన నిండేది. ఆమె అరచేతిలో పిడి రాసుకుని కాయలు కట్టిన చోటు నాకు బాగా గుర్తు.

ఆ పని నేరమనేది పట్నంలోని క్రైస్తవ సన్యాసుల మఠం. పట్నమూ, చుట్టూ పొలాలూ, ఏటి మీది మరలూ అన్నీ మఠానివే. గింజలు వాళ్ల మరలోనే ఆడించాలి, అందుకు కొంత గింజ అక్కడే వదిలి రావాలి. నేసిన బట్టను దట్టం చేయించడానికీ వాళ్ల మరకే మోసుకెళ్లాలి. ఇంటింటా తిరగలి తిరిగితే ఆ రాబడికి గండి పడుతుంది. 1274 ప్రాంతంలో జనం డబ్బు పోగేసుకుని కోర్టుకెక్కారు. ఓడిపోయారు. 1327లో తిరగబడి హక్కుపత్రం రాయించుకున్నారు. అదే ఏడు మఠాధిపతి అయిన రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ కొన్నేళ్లలో దాన్ని వెనక్కి లాక్కున్నాడు. ఆకాశంలో గ్రహాల నడకను చూపే గడియారానికి రూపమిచ్చిన మహా గణితవేత్త ఆయన. అంతటి మేధావికి ఆడవాళ్ల తిరగళ్ల మీద అంత పంతం ఎందుకో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మఠం మనుషులు ఇల్లిల్లూ తిరిగి మమ్మల్ని పట్టుకుపోయారు. పగలగొట్టి పారేసినా ఇంత బాధ ఉండేది కాదు. బయటివాళ్లతో సన్యాసులు మాట్లాడే గదిలో మమ్మల్ని నేలకు పరిచారు. కౌలు తగ్గించమనో, జరిమానా మాఫీ చేయమనో వచ్చిన రైతు తన తాత ఇంటి తిరగలి మీదే నిలబడి చేతులు కట్టుకునేవాడు. ఏ కాలు ఏ ఇంటిదో నడకను బట్టే పోల్చుకునేదాన్ని. అలా దాదాపు యాభై ఏళ్లు గడిచాయి.

1381లో పదిహేనేళ్లు దాటినవాళ్లంతా తలకు 12 పెన్నీల పన్ను కట్టాలన్నారు. ఎసెక్స్, కెంట్ రైతులు లండన్ మీదికి నడిచారు. జూన్ 14న మైల్ ఎండ్‌లో పద్నాలుగేళ్ల రాజు రెండో రిచర్డ్ వాళ్ల కోరికలు తీరుస్తానని మాట ఇచ్చాడు. మా పట్నపు విలియం గ్రిండ్‌కోబ్ ఆ రాజు దగ్గరే మఠాధిపతికి ఉత్తరం రాయించుకున్నాడు. మర్నాడు జనం మఠంలోకి వచ్చారు. తమను కట్టిపడేసిన పత్రాలను బయటికి తెప్పించి బజారులో తగలబెట్టారు. ఒక్క పత్రం మాత్రం కావాలన్నారు. పూర్వం ఆఫా రాజు తమకు ఇచ్చిందట, దాని పెద్ద అక్షరాలు ఒకటి బంగారు రంగులో, ఒకటి నీలంలో ఉంటాయట. అలాంటిది తానెరగనన్నాడు మఠాధిపతి థామస్ డి లా మేర్.

తర్వాత గడ్డపార నా అంచున దిగింది. యాభై ఏళ్ల తర్వాత వెలుతురు చూశాను. మమ్మల్ని బయటికి మోసుకెళ్లి, ముక్కలు చేసి తలా ఒకటి పంచుకున్నారు. ఆదివారం చర్చిలో పంచే దీవించిన రొట్టెలా పంచుకున్నారని ఆ మఠంలోనే ఉండే చరిత్రకారుడు థామస్ వాల్సింగ్‌హామ్ రాసిపెట్టాడు. తిరగబడ్డవాళ్లంటే ఆయనకు గిట్టదు, అయినా ఆ మాట రాయకుండా ఉండలేకపోయాడు. ఒక చేయి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆ అరచేతిలో కాయలు లేవు. మఠం మరకు మూటలు మోసిన తరం అది.

నెల తిరక్కుండానే రాజు మాట తప్పాడు. పెద్ద న్యాయాధికారి ట్రెసిలియన్‌ను వెంటబెట్టుకుని మా పట్నానికి వచ్చాడు. జూలై 15న గ్రిండ్‌కోబ్‌ను ఉరితీశారు. తిరుగుబాటుకు జనాన్ని పురికొల్పిన జాన్ బాల్ అనే మతబోధకుడినీ ఆ రోజే ఇక్కడే చంపారు. ఉరి తీసినవాళ్ల శవాలను జనం రహస్యంగా దింపి పూడ్చుకుంటే, వాటిని పైకి తీసి ఇనుప గొలుసులతో మళ్లీ వేలాడదీయమని రాజాజ్ఞ వచ్చింది. ఆ పని పట్నంవాళ్ల చేతులతోనే చేయించారు.

1539లో మఠం మూతపడింది. మా పట్నానికి సొంత పాలన హక్కుపత్రం 1553లో దక్కింది. గ్రిండ్‌కోబ్ పోయి అప్పటికి 172 ఏళ్లు.