శకట పక్షపాత మీమాంస

1. విషయ, ప్రయోజన, అధికారి నిరూపణం

వయసు మళ్ళిన మోటారుకారు, స్టీరింగుపై పట్టు సడలిన మరుక్షణమే ఋజుమార్గాన్ని పరిత్యజించి ఒక పార్శ్వానికి ఒరగడానికి శాస్త్రంలో కర్షణమని పేరు. "బండి లాగుతోంది" అని లోకవ్యవహారం. దాని కారణాన్ని నిర్ధారించడం ఈ విద్యకు విషయం. టైర్ల ఖర్చు తగ్గడం దృష్ట ప్రయోజనం, మనశ్శాంతి అదృష్ట ప్రయోజనం. కొత్త బండి గలవాడు వారంటీబద్ధుడు. షోరూములో తాళాలు అప్పగించి వచ్చేవాడికి జిజ్ఞాస పుట్టదు గనక అతడిక్కడ అధికారి కాడు. పాత మారుతి 800 గలవాడు ఉత్తమాధికారి.

ఆచార్య పరంపరను స్మరించడం సంప్రదాయం. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కన్న అధిక కోణంలో తిరగాలన్న సూత్రాన్ని మ్యూనిక్ నగరపు బండ్ల శిల్పి గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ గుర్రపుబండ్ల కాలంలోనే దర్శించాడు. 1818లో ఆయన తరఫున ఇంగ్లండులో పేటెంటు పుచ్చుకున్న రుడోల్ఫ్ ఆకర్మాన్ పేరుతోనే అది నేటికీ చెలామణీ అవుతోంది. ఆకర్మాన్ వృత్తిరీత్యా ప్రచురణకర్త. రచయిత పేరు పోయి ప్రచురణకర్త పేరు నిలవడం ఇతర శాస్త్రాలలోనూ ఉన్నదే గనక దీనిపై చర్చ పెంచము.

2. కర్షణ భేదాలు

కర్షణం త్రివిధం: నిత్యం, నైమిత్తికం, కామ్యం.

సర్వకాలాలలోనూ ఉండేది నిత్యం. ఒక ముందు టైరులో గాలి తగ్గడం, టైరే లోపల వికృతి చెందడం, రెండు చక్రాల కాంబర్ (చక్రం పక్కకు ఒరిగే), కాస్టర్ (స్టీరింగు అక్షం ముందువెనుకలకు ఒరిగే) కోణాలు పరస్పరం విభేదించడం దీనికి హేతువులు.

నిమిత్తం కలిగినప్పుడే పుట్టేది నైమిత్తికం. ఇందులో నిరోధజన్యం, అంటే బ్రేకు తొక్కినప్పుడు కలిగేది, అత్యంత సూక్ష్మం. బండి ఎడమకు లాగిందని ఎడమ చక్రాన్ని విప్పడం మందాధికారి లక్షణం. కుడి కాలిపర్ పట్టేసి పని మానుకోగా, ఎడమది ఒక్కటే స్వధర్మాన్ని నెరవేరుస్తూ ఉండవచ్చు. పనిచేస్తున్నవాడినే ముందు నిలదీయడం ఆఫీసులలో చెల్లుతుంది గాని శాస్త్రంలో చెల్లదు. స్మృతిజన్యం మరొకటి. కుడికి తిరిగి వచ్చాక కుడికీ, ఎడమకు తిరిగి వచ్చాక ఎడమకూ లాగుతుంటే, స్ట్రట్ పైన ఉండే బేరింగ్ బిగుసుకుపోయి, కడపటి మలుపును బండి మరవలేకపోతున్నదని గ్రహించాలి.

యజమానికి ఎన్నడూ తెలియక, బండి కొనవచ్చినవాడికి మాత్రమే గోచరించేది కామ్యం. బేరం కుదరగానే నశిస్తుంది.

3. పూర్వపక్షం: దోషం రోడ్డుదే

నీరు జారిపోవడానికి రోడ్లను నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. తారురోడ్డుపై ఈ వాలు నూటికి సుమారు రెండు పాళ్ళు. మనం ఎడమవైపు నడిపేవాళ్ళం గనక నిర్దుష్టమైన బండి సైతం మెల్లగా ఎడమకు జారుతుంది. కాబట్టి ఎడమకు కొద్దిగా లాగడం సంశయస్థానం మాత్రమే. వాలుకు ఎదురెక్కి కుడికి లాగే బండి విషయంలో సంశయానికి తావే లేదు. అమ్మేవాళ్ళు "రోడ్డే అంత సార్" అనడం ఈ పూర్వపక్షానికి సంగ్రహరూపం.

4. ప్రమాణ విచారం

ఇక్కడ ప్రమాణాలు నాలుగు.

ప్రత్యక్షం గ్యారేజీలో సిద్ధిస్తుంది. బండిని జాకీపై లేపి, స్టాండు పెట్టి, మేస్త్రి చక్రాన్ని గడియారంగా భావించి, పన్నెండు దగ్గర ఒక చేయి, ఆరు దగ్గర ఒక చేయి వేసి ఊపుతాడు. చక్రం కదిలితే అది బేరింగ్ దోషమా, బాల్ జాయింట్ దోషమా అన్న వికల్పం పుడుతుంది. అప్పుడాయన తల ఎత్తకుండానే "బ్రేకు తొక్కి పట్టరా చిన్నా" అంటాడు. లోపల కూర్చున్న కుర్రవాడు బ్రేకు తొక్కగానే కదలిక మాయమైతే దోషం బేరింగ్‌ది. అప్పటికీ టక్కుమంటూనే ఉంటే బాల్ జాయింట్‌ది. తొమ్మిది, మూడు స్థానాలలో ఊపినప్పుడు మాత్రమే ఆడితే ముందుగా టై రాడ్ ఎండ్‌ను శంకించాలి. ఇంతటి వ్యవచ్ఛేదం ఒక్క బ్రేకు పెడలుతో సాధ్యమైన శాస్త్రం మరొకటి నేనెరుగను.

అనుమానానికి టైరు లింగం. ఒక అంచే అరిగితే కాంబర్, రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ, చేత్తో నిమిరితే గుంటలు గుంటలుగా తగిలితే షాక్ అబ్జార్బర్ల అవసానదశ. ముందు టైర్లు రెంటినీ అటుదిటు మార్చి చూడడం అన్వయవ్యతిరేక పరీక్ష: లాగుడు కూడా వైపు మారితే దోషం టైరుదే, మారకపోతే టైరు నిర్దోషి.

శబ్దం మూడో ప్రమాణం. చిన్న గతుకులకు టకటకమంటే లింక్ రాడ్, స్పీడ్ బ్రేకరు మీద కిర్రుమంటే ఎండిన రబ్బరు బుష్‌లు. ఈ రెండోది తడి తగిలితే మౌనం వహిస్తుంది. వానాకాలంలో రోగం నయమైందని తలచి మెకానిక్కును మానుకున్నవారు శరత్తులో పునర్దర్శనం చేసుకుంటారు.

ఉపమానమంటే పక్కింటివారి బండిని అడిగి నడపడం. దీనివల్ల జ్ఞానం కన్న వైరం ఎక్కువ.

5. మతభేదాలు

ప్రాచీనులు టైర్ల వెంట నూలుదారం కట్టి కొలిచేవారు. నవీనులైన యంత్రవాదులు కంప్యూటరు తెరపై ఎరుపు అంకెలను పచ్చగా మార్చడమే మోక్షమంటారు. నా మతంలో ఇది హేత్వాభాసం. చిన్న బండ్లలో చాలావాటికి సవరించ వీలయ్యేది ముందు చక్రాల టో, అంటే వాటి ముందంచులు లోనికో బయటికో తిరిగి ఉండే కోణం, ఒక్కటే. అది తప్పితే టైరు అరుగుతుంది, స్టీరింగు వంకరగా నిలుస్తుంది. లాగుడు దానివల్ల పుట్టదు, ఎందుకంటే బండి కదలగానే టై రాడ్లు ఆ తప్పును రెండు చక్రాలకూ సమానంగా పంచేస్తాయి. స్టీరింగు వంకర వేరు, బండి వంకర వేరు. అరిగిన లోయర్ ఆర్మ్ బుష్‌ను మార్చకుండా ఎలైన్‌మెంటు చేయించినవాడికి మిగిలేది రంగుల కాగితం.

ఉపేక్షావాదులు పాట స్థాయి పెంచుతారు. వారిని ఖండించడం అనవసరం.

6. ఆశ్రయ విచారం

ఏళ్ళ తరబడి ఎడమకు లాగే బండిని కుడికి పట్టి నడిపిన యజమాని, బుష్‌లూ టైర్లూ మార్చాక కూడా అలవాటుగా కుడికే పడతాడు. బండి కుడికి పోతుంది. ఈ కర్షణానికి ఆశ్రయం శకటమా, చాలకుడా? సంస్కారం చేతిలో ఉంది గనక చాలకుడేనని ఒకరు, బండి లేనిదే ఆ సంస్కారం వ్యక్తం కాదు గనక ఉభయమూ అని మరొకరు వాదిస్తున్నారు. మరల ఎలైన్‌మెంటు చేయించవలెనా అన్న ప్రశ్న వద్ద మాత్రం ఎలైన్‌మెంటు షాపులవారందరూ ఏకాభిప్రాయంతో ఉన్నారు.