ఆకుపచ్చ మొహాలు

సూరత్ దగ్గరి హజీరాలో ఉక్కు తయారవుతుంది, ఎరువులు తయారవుతాయి, గ్యాసు ఓడల్లో దిగుతుంది. సినిమా తీసే ఊరు కాదిది. అక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసుకుంటూనే నేనొక డాక్యుమెంటరీ తీశాను, సూరత్ లింబాయత్‌లో సాంచాలు (మరమగ్గాలు) నడిపే తెలుగు పద్మశాలీల మీద. తీయడం వరకు ఫరవాలేదు. దాన్ని థియేటర్ ప్రొజెక్టర్‌లో వేసే డిజిటల్ ప్యాకేజీగా, అంటే డీసీపీగా మార్చేటప్పుడే నా బుద్ధి గడ్డి తిన్నది.

ఒక ఆదివారం పొద్దుటి ఆటకు హాలు అద్దెకు తీసుకున్నాం. ముందు రోజు ట్రయల్ వేస్తే మొహాలన్నీ పాచి పట్టినట్టున్నాయి. ఎర్రచీర తుప్పురంగులోకి దిగింది. తెల్లపంచెకు నీలిమందు ఎక్కువైంది. మా ఇంటి మానిటర్ మీద నిక్షేపంగా ఉందే! ఇంకేముంది, ల్యాంపు అయిపోయిందని ఆపరేటర్ మీద ఎగిరాను. అతను మారుమాట్లాడకుండా ఒక కొత్త సినిమా ట్రైలర్ వేశాడు. ఎరుపు ఎర్రగానే ఉంది. అప్పుడైనా నోరు మూసుకోవాలి కదా? ‘వాళ్లది పెద్ద సినిమా, ల్యాబుల్లో ఏదో చేసుంటారు’ అన్నాను. ఏం చేసుంటారో మాత్రం ఆలోచించలేదు.

మామూలు వీడియోకు రంగుల లెక్క వేరు, థియేటర్‌కు వేరు. హెచ్‌డీ టీవీల కొలత రెక్ 709. హాలీవుడ్ స్టూడియోలు కలిసి పెట్టుకున్న డీసీఐ అనే సంస్థ 2005లో ఖాయం చేసిన పద్ధతిలో ప్రతి ఫ్రేమూ ఒక జేపెగ్ 2000 బొమ్మ. 12 బిట్లు, గామా 2.6, రంగులేమో ఎక్స్‌వైజెడ్ అంకెల్లో. మనిషి కన్ను రంగును పట్టే తీరును కొలిచి 1931లో నిర్ణయించిన అంకెలవి. నేను రంగులు దిద్దే సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లోనే ఎక్స్‌వైజెడ్‌కు మార్చి ఫ్రేములు తీశాను. వాటిని డీసీపీ తయారుచేసే డీసీపీ-ఓ-మ్యాటిక్‌లో వేసి, వచ్చేది మామూలు వీడియో రంగే అనుకునే సెట్టింగును అలాగే వదిలేశాను. అది నా మాట నమ్మి, మారినదాన్నే మళ్లీ మార్చింది. ఒకసారి రంగేసిన బట్టను మళ్లీ తొట్టిలో ముంచినట్టయింది.

ఇది తెలియక ఆ రాత్రి నేను చేసిన పని ఇంకా ఘోరం. పచ్చదనానికి విరుగుడని సినిమా అంతటా మెజెంటా కలిపాను. మొహాలు కాస్త కోలుకున్నాయి, పంచెలు వంగపూరంగుకు తిరిగాయి. ఆ అవతారంలోనే ఆదివారం జనానికి చూపించాను. తప్పు అన్ని రంగుల్నీ ఒకేలా తాకలేదు, ఒక్క రంగు కలిపితే ఎలా పోతుంది? ఇంజనీరునని చెప్పుకునే నాకు ఇంత చిన్న లెక్క తట్టలేదు.

తప్పు జాడ పట్టించింది సూరత్ పాండేసరాలో డైయింగ్ మిల్లులో షేడ్ మ్యాచింగ్ చేసే ఒక కాక. ఆట అయ్యాక పక్కకు పిలిచి, ‘బిడ్డా, ఏ లైటు కింద చూసినవ్?’ అన్నాడు. ఇంట్లో, ట్యూబులైటు కింద అన్నాను. ‘మేము మీటరు గుడ్డకు గూడ డీ 65 లైటు డబ్బాల పెట్టి చూస్తం. మిషన్‌ల ఎక్స్, వై, జెడ్ కలిస్తెనే లాట్ పాస్’ అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. నేను గొప్ప సినిమా విద్య అనుకున్న ఆ మూడు అక్షరాలతోనే సూరత్‌లో చీరలకు రంగు సరిచూస్తున్నారు!

ఇంటికొచ్చి ఆ ఎక్స్‌వైజెడ్ మార్పిడి ఎక్కడెక్కడ జరిగిందో వెతికితే తప్పు దొరికింది. మెజెంటా తీసేశాను. డీసీపీ-ఓ-మ్యాటిక్‌లో రంగు మార్పిడి ‘వద్దు’ అని పెట్టి మళ్లీ చేశాను. ఎరుపు ఎరుపుగా వచ్చింది. ఆపరేటర్‌కు క్షమాపణ చెబితే నవ్వి ఊరుకున్నాడు. నవ్వే బదులు తిట్టినా బాగుండేది.

మీరూ డీసీపీ చేసుకునేవాళ్లయితే, నలుపు నుంచి తెలుపు దాకా బూడిదరంగు మెట్లున్న ఒక ముక్కను సినిమాకు ముందు చేర్చి హాల్లో వేసి చూడండి. పక్కవాడి ట్రైలర్ బాగుండి మీ బూడిదకు రంగు అంటితే, ఆపరేటర్ జోలికి వెళ్లకండి. ఇంటికెళ్లి మార్పిడి ఎన్నిసార్లు జరిగిందో చూసుకోండి.