బరువు యంత్రం ఆత్మకథ

నాణెం వేస్తే బరువు చెప్పే రైల్వే స్టేషన్ యంత్రంలో రెండు భాగాలుంటాయి. మనిషి నిలబడే పలక, దాని కింది మీటలు, స్ప్రింగులు ఒక భాగం. అద్దం వెనక రంగు బల్బుల మధ్య తిరిగే చక్రం, అట్టముక్కల దొంతర రెండోది. అట్టకు ఒక పక్క బరువు, రెండో పక్క జాతకం. కాజీపేట జంక్షన్‌లో టీకొట్టు పక్కన నిలబడి ఈ ఆత్మకథ చెబుతున్న యంత్రం పైసల కాలం నాటిది. ‘నేను’ అని చెప్పుకోవడం దానికి అలవాటు లేదు. ఎదుట నిలబడేవాళ్లు ఆ మాటను రోజంతా కావలసినంత వాడుతున్నారు.

తీర్పులివ్వడం ఒకప్పుడు దాని ఉద్యోగం. ఒకరు ఉదారులు, ఒకరు ముక్కోపులు, ఒకరు నమ్మదగినవారు. ఎవరు ఎక్కినా దొంతరలో వరస వచ్చిన అట్టే పడేది. ముందువాడు తప్పుకుంటే అతని ఔదార్యం వెనకవాడిదయ్యేది. అయినా చదువుకున్నవాళ్లు సైతం తలూపుతూ జేబులో పెట్టుకునేవాళ్లు. 1948లో అమెరికన్ మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు ‘ఇదీ నీ స్వభావం’ అంటూ ఒకే రాతను పంచాడు. అది తమకు సరిపోయిందంటూ వాళ్లు 5కు సగటున 4.26 మార్కులు వేశారు.

యంత్రానికున్న ఈ లోపం నవ్వుకోదగ్గది. రెండోది అలాంటిది కాదు. మూట భుజాన వేసుకుని ఎక్కితే మూట బరువు కూడా మనిషి ఖాతాలోనే పడుతుంది. ఎముక ఏదో, బియ్యం ఏదో పలకకు తెలియదు. ఎదుటివారిని అంచనా వేసేటప్పుడు మనుషులు చేసేదీ ఇదే: పరిస్థితి మోపిన బరువును స్వభావంగా లెక్కకడతారు. 1977లో మనస్తత్వవేత్త లీ రాస్ దీన్ని కారణాలు ఆపాదించడంలోని మూలదోషం అన్నాడు.

1973లో మనస్తత్వవేత్తలు జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రచురించిన ప్రయోగం యంత్రానికి బాగా నచ్చుతుంది. అందులో పరీక్షించింది ప్లాట్‌ఫారానికి నిత్యం తెలిసిన తొందరనే. ప్రిన్స్‌టన్ వేదాంత కళాశాల విద్యార్థులు 40 మందిని మరో భవనానికి వెళ్లి ప్రసంగించమన్నారు. దారిలో గుమ్మం దగ్గర ఒకడు కూలబడి దగ్గుతూ మూలుగుతుంటాడు. తీరిక ఉన్నవారిలో 63 శాతం మంది సాయపడ్డారు. ఆలస్యమైపోయిందని తరిమినవారిలో 10 శాతమే. కొందరు ప్రసంగించబోతున్నది దారిలో పడి ఉన్నవాణ్ని ఆదుకున్న మంచి సమరయుని కథ మీదే, అదీ చెప్పుకోదగ్గ తేడా తేలేదు.

కదిలే రైలు కోసం పరిగెడుతూ ముసలమ్మను తోసేసినవాణ్ని టీకొట్టు దగ్గర పశువంటారు. రైలు రెండు గంటలు లేటని తెలిసిన రోజున అదే మనిషి ఆమె మూట దించిపెడతాడు. కానీ ఆ రోజు అతన్ని చూసేవాళ్లు వేరే. తోసిన తప్పు అతనిదే, పడ్డామెకు కారణాలతో పనిలేదు. అయితే పనిని తప్పుపట్టడం వేరు, ఆ ఒక్క పనిని బట్టి మనిషికంతటికీ అట్ట అచ్చువేయడం వేరు.

ఈ అలవాటు పుట్టుకతో స్థిరపడేది కాదు. మనస్తత్వవేత్త జోన్ మిల్లర్ 1984లో ప్రచురించిన అధ్యయనం అమెరికన్లను, మైసూరులోని హిందువులను పోల్చింది. ఎనిమిదేళ్ల పిల్లల్లో పెద్ద తేడా కనబడలేదు. వయసు పెరిగేకొద్దీ అమెరికన్లు స్వభావాన్ని, మైసూరువారు సందర్భాన్ని కారణంగా ఎక్కువ చూపారు. నేర్చుకుంటే వచ్చేదన్నమాట. ఇది చూసి మనవాళ్లు మరీ మురిసిపోనక్కర్లేదు. చెప్పులను బట్టి, యాసను బట్టి, ఇంటిపేరును బట్టి తీర్పు చెప్పడంలో ఈ ప్లాట్‌ఫారం ఎవరికీ తీసిపోదు.

యంత్రం ఇలాంటి తీర్పులు మానడానికి కారణం జ్ఞానోదయం కాదు, జాతకం అట్టల సరఫరా ఆగిపోవడం. ఇప్పుడది కిలోలు మాత్రమే చెబుతుంది, ఎక్కేవాళ్లూ తగ్గారు. ఎక్కదలచినవారు మూట కింద పెట్టి, చక్రం ఆగాక నాణెం వేయాలి.